కింది పాదం

ఆ రోజు పోయింది ఒకే ఒక్క పాదం. టీచరు బడి నుంచి ఇంటికి వచ్చేసరికే అది పోయి ఉంది.

ముందుగదిలో బల్ల మీద పొడుగాటి పల్చటి కాగితం పరిచి ఉంది. గాలికి ఎగరకుండా ఒక మూల టీగ్లాసూ, ఒక మూల కళ్ళజోడు పెట్టె, మిగతా మూలల్లో పుస్తకాలూ పెట్టారు. కాగితం మీద పెన్సిలుతో గీసిన పెద్ద పెద్ద అక్షరాలు ఒకే వరసలో ఉన్నాయి. కుర్చీలో మైకు కూర్చుని ఉన్నాడు. సాహిత్య మిత్రుల సంఘానికి ఆయన కార్యదర్శి. ఏ సభలోనైనా మైకు చేతికి అందిందంటే ఇక ఇంకొకరికి ఇవ్వడని ఆ పేరు పెట్టింది టీచరు భర్తే. ఆయన పోయిన చలికాలంలో చనిపోయాడు. పేరు మాత్రం మిగిలింది.

ఎదురుగా మంచం మీద వదిన కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. వదిన టీచరు భర్తకు పెద్దక్క. తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి.

"రండి టీచర్. మీ కోసమే కూర్చున్నాను" అన్నాడు మైకు. "అంతా సిద్ధం. మీరు చూసి అడుగున సంతకం పెడితే రాతిపని ఆయన ఉలి పట్టుకుంటాడు."

భుజం మీది సంచీ దించకుండానే ఆమె వంగి చదివింది.

ప్రతి స్తంభంలోనూ ఉన్నాడు.

"తర్వాతది?"

"తర్వాత మీవారి పేరు. ఇదిగో ఈ మూలన, చిన్న అక్షరాల్లో."

"పేరు కాదండీ. తర్వాతి పాదం."

మైకు టీగ్లాసు వైపు చెయ్యి చాపి, అది కాగితానికి బరువుగా ఉందని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. "రాయి కదా టీచర్. పుస్తకంలో అయితే ఎంతైనా పడుతుంది. అయినా ఇదొక్కటి చాలదూ? ఆసుపత్రికి వచ్చినవాళ్ళు స్తంభం వంక చూస్తారు, ప్రతి స్తంభంలోనూ ఉన్నాడని చదువుతారు. పాపం, కాస్త ధైర్యంగా ఉంటుంది."

పిల్లల ఆసుపత్రిలో కొత్తగా నిరీక్షణ హాలు కట్టారు. సంఘం వాళ్ళు దానికి బెంచీలు ఇస్తున్నారు. హాలు మధ్యలో ఉన్న స్తంభానికి టీచరు భర్త రాసిన కవితలోంచి రెండు పాదాలు చెక్కిన పలక బిగించాలని అనుకున్నారు. టీచరు సరేనన్నది ఆ రెండు పాదాలకే.

ప్రతి స్తంభంలోనూ ఉన్నాడన్నావు.
నేను కొట్టాను. నన్ను చీల్చడానికైనా ఎవరూ రాలేదు.

ప్రహ్లాదుడి కథ తెలియనివాళ్ళు ఎవరు? బిడ్డ ఉన్నాడన్నాడు, తండ్రి స్తంభాన్ని కొట్టాడు, స్తంభం చీలి దేవుడొచ్చి తండ్రిని చీల్చాడు. ఆయన కవితలో మాట్లాడేది ఆ తండ్రి. అచ్చయిన కొత్తలో దాని మీద పత్రికల్లో పెద్ద రగడ అయింది. ఈయన నాస్తికుడని కొందరన్నారు. కాదు, లేమిలోనే దేవుణ్ణి చూపించిన వేదాంతి అని కొందరన్నారు. కరెంటాఫీసులో గుమాస్తా పని చేసుకుంటూ ఆయన ఇద్దరికీ జవాబివ్వలేదు. ఆ పాదాలు ఎక్కడ పుట్టాయో టీచరుకు తెలుసు. ఆ ఆసుపత్రి పాత వసారాలో. డాక్టరు బయటికి వచ్చి తమ పాప గురించి చెప్పాల్సింది చెప్పి వెళ్ళాక, ఆయన పక్కనున్న స్తంభాన్ని అరచేత్తో ఒక్కసారి కొట్టి, ఆ చేతిని చొక్కాకు తుడుచుకున్నాడు.

"రెండూ ఉంటేనే సంతకం పెడతాను" అంది టీచరు. "లేకపోతే ఆయన పేరు తీసేయండి."

"అయిపోయింది. పంతులమ్మగారు దిద్దేశారు" అంది వదిన, గింజల మీంచి తల ఎత్తకుండానే. "మీకు సున్నా మార్కులే నాయనా. రేపు మీ నాన్నగారిని పిలుచుకు రండి."

మైకు నవ్వబోయి, టీచరు ముఖం చూసి మానేశాడు.

"నవ్వులాట కాదు వదినా."

"నేనూ నవ్వులాటకి అనలేదు. బతికుండగా వాడు ఒక్కనాడూ ఆ దేవుడి పేరు సవ్యంగా ఎత్తలేదు. పోయాకైనా ఎత్తనీయవా? ఆ పైముక్క ఎంత చల్లగా ఉంది. దాని కింద నిప్పులు పోయడం ఎందుకు?"

ఈ ఇంట్లో దేవుడి మాట వచ్చినప్పుడల్లా అక్కాతమ్ముళ్ళు ఇలాగే వాదించుకునేవాళ్ళు. ఇప్పుడు తమ్ముడి వంతు టీచరు మీద పడింది. ఆమె గ్లాసూ పెట్టే తీసి, కాగితం మెల్లగా చుట్ట చుట్టింది.

"శనివారం పొద్దున్నకల్లా రాతిపని ఆయనకి చేరాలి టీచర్" అన్నాడు మైకు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ. "ఆదివారం హాలు తెరుస్తున్నారు."

మర్నాడు ఏడో తరగతికి ఉక్తలేఖనం. ఆమె ఒక్కో వాక్యం రెండుసార్లు చదువుతూ వరసల మధ్య నడిచింది. చదువుతున్న వాక్యం ఏమిటో తనకే తెలియలేదు. "టీచర్, ఇది ఇందాకే చెప్పారు" అని వెనక బెంచీ నుంచి ఒక పిల్ల అన్నాక గానీ, ఒకే వాక్యాన్ని నాలుగోసారి చదువుతున్నానని తెలియలేదు.

మధ్యాహ్నం ఉపాధ్యాయుల గదిలో లెక్కల మాస్టారు సంగతంతా విన్నాడు. విన్నంతసేపూ ఆయన డబ్బా మూత తిప్పుతూనే ఉన్నాడు.

"మా లెక్కల్లో సగం చేసి వదిలేసినా సగం మార్కులు పడతాయి టీచర్. మీ కవిత్వంలో ఆ సౌకర్యం లేదా?"

"సగం రాస్తే జవాబు తారుమారవుతుంది మాస్టారూ. లేడు అన్నవాడు ఉన్నాడు అన్నట్టవుతుంది."

"అవును, అది పెద్ద తప్పే." ఆయన మూత బిగించాడు. గొంతు తగ్గించి, "కానీ ఒకటి. ఆయన లేడు అన్నారా, రాలేదు అన్నారా? మీరే ఒకసారి మాతో అన్నారు, రెండూ ఒకటి కాదని" అన్నాడు.

ఆమె ఆ మాట అన్నది నిజమే. ఎప్పుడన్నదో గుర్తు లేదు. గంట కొట్టారు. చాక్‌పీసు తీసుకుని లేచింది.

సాయంత్రం రాతిపని ఆయన షెడ్డుకు వెళ్ళింది. రేకుల కప్పు కింద నల్లరాతి పలకలు గోడకు చేరవేసి ఉన్నాయి. నేల మీద తెల్లటి పొడి మేట వేసింది. ఆయన గోనెపట్టా మీద కూర్చుని ఎవరిదో ఇంటిపేరు చెక్కుతున్నాడు. నున్నటి రాతి మీద సుద్ద పూసి, ఆరనిచ్చి, దాని మీద అక్షరాలు గీసుకున్నాడు. చిన్న ఉలిని ఏటవాలుగా పెట్టి సుత్తితో తేలిగ్గా కొడుతున్నాడు. నాలుగు దెబ్బలకోసారి ఆగి, నోటితో పొడి ఊది, వేలు తడిపి గాడిలో రాస్తున్నాడు.

"మీవారి పలకేనామ్మా? అదిగో" అని గడ్డంతో చూపించాడు. "ఆయన ఏ పగతో రాశారో గానీ అన్నీ వొత్తులే. స్త కింద తావొత్తు, న్నా కింద నావొత్తు. ఉలి వెంట్రుకవాసి జారితే వొత్తు ఊడి కింద పడుతుంది. అతికించడానికి అదేమన్నా గాజా?"

ఆమె పలక దగ్గరికి వెళ్ళి చూసింది. తలుపు రెక్కలో సగం ఉంది.

"దీని మీద రెండు వరసలు పట్టవా?"

"పట్టకేం? నాలుగు పడతాయి."

"చోటు లేదని చెప్పలేదా మీరు?"

"నన్నెవరు అడిగారమ్మా? వాళ్ళు ఒక వరస ఇచ్చారు. నేను ఒక వరస గీశాను."

ఇంటికి తిరిగి వస్తుంటే ఒళ్ళు మండిపోయింది. అంతవరకూ చోటు లేకపోవడం మీద కోపం. ఇప్పుడు కోపానికి మనిషి కావాలి. మైకు మీద పెట్టుకుంది.

శుక్రవారం బడి వదలగానే ఆసుపత్రికి వెళ్ళింది. పాప పోయాక ఆ గేటు దాటలేదు. అటు పని పడినా ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్ళేది. గేటు దగ్గర కాళ్ళు ఆగాయి. వెనక వస్తున్న ఆటో హారను కొడితే లోపలికి నడిచింది.

పాత వసారా లేదు. పడగొట్టి అక్కడే హాలు కట్టారు. నలుచదరపు స్తంభాలు, తెల్ల రంగు, ఇంకా ఆరని వాసన. కొత్త బెంచీల ప్లాస్టిక్ తొడుగులు తియ్యలేదు. తెరవకముందే జనం వచ్చి కూర్చున్నారు. ఒకాయన రెండు చిన్న బూట్లు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. వాటి లేసులు ముడివేసి ఉన్నాయి. విప్పుతున్నాడు, మళ్ళీ ముడివేస్తున్నాడు.

మధ్య స్తంభం మీద మనిషి ఎత్తున నాలుగు రంధ్రాలు తవ్వి ఉన్నాయి. టీచరు స్తంభం మీద చెయ్యి వేసింది. చల్లగా, గరుగ్గా ఉంది. కొట్టాలని అనిపించలేదు. ఊరికే వేసి ఉంచింది.

"టీచర్, మీరా?" మైకు గబగబా వచ్చాడు. చొక్కా మోచేతికి రంగు అంటుకుని ఉంది.

"రాతి మీద నాలుగు వరసలు పడతాయటండీ."

ఆయన మోచేతికి అంటిన రంగును గోటితో గీకడం మొదలుపెట్టాడు.

"మీరు ఆయన స్నేహితులు కదా అని నమ్మాను" అంది ఆమె. గొంతు పెంచలేదు. "మీకు ధైర్యవచనాలే కావాలంటే బజారులో బోలెడు దొరుకుతాయి. ఆయన రాసినదాన్ని విరగ్గొట్టడం ఎందుకు?"

"టీచర్, ఉన్నమాట చెప్పేస్తాను. సంఘంలో మేం రెండు పాదాలూ అనే రాసుకున్నాం. మీ ఇంటి నుంచే ఫోను వచ్చింది. పెద్దావిడ. కింది ముక్క వద్దు నాయనా, ఆ 'అన్నావు' కూడా తీసెయ్, నీకు పుణ్యం ఉంటుంది అన్నారు. మీకు తెలిసే అనుకున్నాను. ఆ రోజు మీ ముఖం చూశాక తెలియదని అర్థమైంది. ఆవిడేమో ఎదురుగానే కూర్చున్నారు. ఏం చెప్పమంటారు? నోటికొచ్చిన అబద్ధం ఆడేశాను."

బూట్లాయన ముడి విప్పుతూ ఇటు చూశాడు. ఆమె స్తంభం మీంచి చెయ్యి తీసింది.

ఇంట్లో వదిన తమ్ముడి చొక్కాలు ముందు వేసుకుని కూర్చుంది. ఎవరికైనా ఇచ్చేద్దామని తీసి, ఇచ్చేముందు గుండీలు సరిచేస్తానని మొదలుపెట్టి, రోజుకు ఒక చొక్కా చొప్పున తాత్సారం చేస్తోంది. సూది బెజ్జంలోకి దారం ఎక్కడం లేదు. టీచరు ఆమె చేతిలోంచి సూది తీసుకుని ఎక్కించి ఇచ్చింది. ఎదురుగా కూర్చుంది.

"మైకు చెప్పేశాడా?" అంది వదిన.

"చెప్పాడు."

"వాడి కడుపులో ఏ మాట ఆగింది గనక. తిట్టు, వింటాను."

"తిట్టడానికి రాలేదు వదినా. ఎందుకు అని అడుగుదామని."

వదిన గుండీ చుట్టూ దారం తిప్పింది. "అక్కడ కూర్చునేది ఎవరే? పిల్లల్ని లోపల పెట్టి బయట కూర్చునేవాళ్ళు. వాళ్ళకి ఎవరూ రాలేదని నువ్వు రాతి మీద చెక్కి చెప్పాలా? ఆ సంగతి వాళ్ళకి తెలుస్తూనే ఉంటుంది."

ఆ మాట తగిలింది. బూట్ల ముడి గుర్తొచ్చింది. కానీ టీచరు మాటలతోనే బతికిన మనిషి. ఏ మాట వెనక ఇంకో మాట ఉందో ఆమెకు తెలుస్తుంది.

"వాళ్ళ కోసమే అయితే, ఆ 'అన్నావు' ఎందుకు తీయించారు?"

వదిన చేతిలో సూది ఆగింది.

"అది పాపని ఉద్దేశించి అన్న మాట కదా వదినా" అంది టీచరు. "మీరు చెప్పిన కథే అది విన్నది. చెంచాతో తలుపులూ కుర్చీలూ కొట్టి, ఇక్కడున్నాడా, ఇక్కడున్నాడా అని అడిగేది. ఉన్నాడని అదే చెప్పుకునేది. ఆ కవితలో పాప ఒక్కచోటే ఉంది. ఆ ఒక్క మాటలో. దాన్ని కూడా తీసేస్తే నాకు ఇంకేం మిగిలింది?"

"పాపని కాదే."

"మరి?"

"డాక్టరు చెప్పి వెళ్ళగానే నువ్వు లోపలికి పరిగెత్తావు. తలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి చూశావు. వాడు కొట్టడం చూశావు. అంతవరకే చూశావు." వదిన చొక్కాను మోకాళ్ళ మీద పరిచి, చేత్తో మడతలు సాపు చేసింది. "తర్వాత వాడు నా వైపు తిరిగాడు. అక్కా, ప్రతి స్తంభంలోనూ ఉన్నాడన్నావు, అన్నాడు. అరవలేదే. కొట్టుకి పంపితే సరుకు దొరకలేదని వచ్చి చెప్పినట్టు చెప్పాడు."

బయట ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు.

"నాలుగేళ్ళప్పుడు వాడికి అన్నం తినిపిస్తూ చెప్పేదాన్ని ఆ కథ. ముద్దకో స్తంభం. వాడూ అలాగే గరిటె పుచ్చుకుని ఇల్లంతా కొట్టేవాడు. కొట్టిన ప్రతిచోటా ఉన్నాడని చెప్పి ముద్ద పెట్టేదాన్ని. నా నోటితోనే చెప్పాను. వాడికీ చెప్పాను, వాడి కూతురికీ చెప్పాను."

"ఆయన్ని ఎప్పుడూ అడగలేదా?"

"ఏమని అడగను? నా మీదే రాశావా తమ్ముడూ అనా? రాసి తెచ్చి మొట్టమొదట నాకే చదివి వినిపించాడు. ఇక్కడే. విని లేచి అన్నం వడ్డించాను. తిన్నాడు. ఇద్దరం మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తర్వాత ఎంతమంది వచ్చారు ఈ ఇంటికి. మీ తమ్ముడు ఎంత లోతైన మాట అన్నాడమ్మా, అన్నారు. అందరికీ టీ పెట్టి ఇచ్చాను."

టీచరుకు ఏదో ఒకటి అనాలనిపించింది. ఇన్నేళ్ళూ ఆ పాదాలు తనవీ పాపవీ అనుకుంది. వేరే మనిషి ఆ మాటల్ని గుండెల మీద పెట్టుకుని ఇదే ఇంట్లో, ఇదే మంచం మీద బఠాణీలు ఒలుస్తూ ఉందని ఎప్పుడూ తట్టలేదు. పాప ఆ మాటలోంచి మెల్లగా లేచి వెళ్ళిపోతున్నట్టుంది. పట్టుకుని ఆపాలనిపించింది. ఎదురుగా ఉన్న ముసలి చేతులు చూసి ఆగింది.

"నువ్వు చదువుకున్నదానివి, చెప్పు" అంది వదిన. "నేను వాడికి చెప్పింది అబద్ధమా?"

ఎన్ని వేల కాగితాలు దిద్దిందో ఆమె. ప్రతి ప్రశ్నకూ పక్కన ఒక గుర్తు పెట్టింది. ఈ ప్రశ్న పక్కన ఏ గుర్తు పెట్టాలో తెలియలేదు.

"నాకు తెలీదు వదినా."

వదిన తల ఊపింది. ఆ జవాబు ఆమెకు ముందే తెలిసినట్టుంది. దారం పళ్ళతో తెంపి, గుండీ ఒకసారి లాగి చూసి, చొక్కా మడతపెట్టింది.

"ఆ 'అన్నావు' ఉండనీలే" అంది. "అన్నాను కదా. అన్నది అన్నట్టు ఉండనీ. ఆ రెండోది మాత్రం..."

టీచరు చొక్కా తీసుకుని బీరువాలో పెట్టింది.

శనివారం పొద్దున్నే షెడ్డుకు వెళ్ళింది. ఎర్రకలంతో చివరి మాట కొట్టేసి పైన 'ఉన్నాడన్నావు' అని రాసింది. రాతిపని ఆయన కాగితం తిప్పి చూశాడు.

"ఇంకో వొత్తు తెచ్చారు నా ప్రాణానికి."

"ఈ వరస రాతి మధ్యలో వద్దు. పైకి జరపండి. ఇక్కడికి."

"అలాగైతే కింద సగం బోసిపోతుందమ్మా. చూసినవాళ్ళు నాకు కొలత రాదనుకుంటారు."

"అనుకోనీయండి. పేరు కూడా ఇప్పుడే వద్దు. పూర్తయ్యాక చెక్కండి."

ఆయన ఉలి నేల మీద పెట్టాడు. "అయితే ఇంకా ఉందన్నమాట."

"ఉంది."

"ఎప్పుడు మరి?"

"ఇంట్లో ఒక మనిషి ఒప్పుకోవాలి" అంటూ ఆమె కాగితం అడుగున సంతకం పెట్టింది. ఆయన సుద్ద కలిపి గుడ్డతో రాతి మీద పూయడం మొదలుపెట్టాడు. మొదటి అక్షరం గాడి పడేదాకా ఆమె అక్కడే నిలబడింది.

ఆదివారం హాలు తెరిచారు. మైకు చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో రెండుసార్లు పలక వంక అసంతృప్తిగా చూశాడు. దిగి వచ్చాక, "పేరు లేదు, కింద సగం ఖాళీ. ఏమిటండీ ఇది, పని ఆపేసినట్టుంది" అన్నాడు చిన్నగా.

"ఆపేసినట్టే ఉందండీ" అంది టీచరు.

జనం పల్చబడ్డారు. వదిన నడిచి నడిచి వచ్చి స్తంభానికి ఎదురు బెంచీ మీద కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుని పై వరస చదివింది. తర్వాత కింద ఖాళీని కూడా అక్షరాలున్నట్టే ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూసింది. టీచరు వైపు తిరగలేదు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

పిల్లవాణ్ణి భుజాన వేసుకున్న ఒక పిల్లతల్లి వచ్చి నిలబడింది. బిడ్డ ఒళ్ళు కాలుతోందో ఏమో, మాటిమాటికీ వాడి మెడ కింద చెయ్యి పెట్టి చూస్తోంది.

"అక్కడ ఏం రాసుందమ్మా? నాకు చదువు రాదు."

వదిన చదివి వినిపించింది. ఎక్కడా తడబడలేదు.

"ఎవరన్నారమ్మా అలాగని?"

"నేనే" అంది వదిన.

ఆ అమ్మాయి స్తంభం వంక చూసింది, ముసలావిడ వంక చూసింది. వేళాకోళం కాదని అర్థమైనట్టుంది. "ఉన్నాడా మరి?" అంది.

వదిన పక్కకు జరిగి చోటిచ్చి, బిడ్డ కోసం రెండు చేతులూ చాపింది. ఆ అమ్మాయి ఒక్క క్షణం తటపటాయించి బిడ్డను అందించింది. భుజం నొప్పెట్టిందేమో, చేత్తో నొక్కుకుంటూ కూర్చుంది. వదిన కొంగుతో వాడి నుదురు తుడుస్తోంది. టీచరు వాళ్ళ పక్కన మిగిలిన చోట్లో కూర్చుంది.

పలక మీద కింది పాదమూ, మూలన పేరూ ఇంకా చెక్కలేదు.